వెండెల్ మెడ కోసం ఒక ప్రార్థన

మా బావ రత్నరాజు నరసాపురంలో డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు, చేతిలో బెత్తం, ఎండలో నిలబడి నిలబడి రాగిచెంబులా మెరిసే బట్టతల. అలాంటి మనిషి అమెరికాలో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీముకి ఏ కాలేజీ కుర్రాణ్ణి తీసుకోవాలో, ఎవర్ని వదిలేయాలో చెప్పే పనిలో పడ్డాడంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. టీము పేరు చెప్పను. ఊరి పేరు చెబితే టీము పేరు చెప్పినట్టే కాబట్టి అదీ చెప్పను. పెద్ద సరస్సు పక్కన, ఏడాదిలో ఐదు నెలలు మంచు కురిసే ఊరు, అంతే.

అమెరికాకి ముందు వచ్చింది మా అక్క విమలకుమారి. నర్సు. 1974లో ఆస్పత్రి వాళ్లే పిలిపించుకున్నారు. రెండేళ్లకి బావ వచ్చాడు. 1978లో చదువు పేరుతో నేనొచ్చి వాళ్లింట్లో చేరాను. చదువైపోయి, కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దొరికాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. "మా ఇంట్లో కదలనివి రెండు. ఒకటి ఫ్రిజ్, రెండోది ఆమోసు," అనేవాడు బావ చర్చిలో అందరి ముందూ నన్ను చూపిస్తూ. నేనేం తక్కువ తినలేదు. ఆయన బట్టతల మీద నేను వేసిన జోకులకి పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేకపోయేవారు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

డ్రిల్లు మాస్టారికి ఇక్కడ ఏ స్కూలూ ఉద్యోగం ఇవ్వలేదు. కొన్నాళ్లు ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికాడు. అక్క వార్డులో కాలు విరిగి పడుకున్న ఒక పెద్దాయన ఫుట్‌బాల్ టీములో ఫిల్ము గది చూసేవాడు. ఆయన చలవతో బావకి అక్కడ పని దొరికింది. ఆ రోజుల్లో ఆటలన్నీ సినిమా రీళ్ల మీదే. కాలేజీల నుంచి డబ్బాలు డబ్బాలుగా వచ్చేవి. ఈ ఆట ఆగి ఆగి, ఎత్తు తర్వాత ఎత్తుగా సాగుతుంది. ఒక్కో ఎత్తూ మొదలైన దగ్గర్నుంచి రిఫరీ విజిలు ఊదేదాకా ఉంచాలి. విజిలు తర్వాత ఆటగాళ్లు లేచి, దుమ్ము దులుపుకుని వెనక్కి నడిచే భాగం ఎవరికీ అక్కర్లేదు. అది కత్తిరించి బుట్టలో పడేసి, మిగతాది అతికించాలి. అదీ బావ ఉద్యోగం. చర్చిలో మాత్రం రత్నరాజుగారు సినిమాల్లో చేస్తున్నారని పేరు. ఆ పుకారు పుట్టించింది నేనే. నా నోటి సంగతి ఈ కథలో ముందు ముందు కూడా వస్తుంది.

ఆ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. లైన్‌బ్యాకర్ అని ఒకడుంటాడు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి మధ్యలో ఆపి నేలకేసి కొట్టడం అతని పని. ఇక డ్రాఫ్టు అనేది ప్రతి వసంతంలోనూ జరుగుతుంది. చదువు అయిపోవచ్చిన కాలేజీ ఆటగాళ్లలో కావలసినవాళ్లని టీములన్నీ వంతులవారీగా పేరుపెట్టి పిలుచుకుంటాయి. పిలుపొచ్చినవాడి బతుకు ఒక దారి, రానివాడిది ఇంకో దారి.

1979 చలికాలంలో ఇద్దరు లైన్‌బ్యాకర్ల మీద ఫిల్ము గదిలో పెద్ద వాదన జరిగింది. కాలేజీ కుర్రాళ్లని ఎంచే విభాగానికి పెద్ద హాలిక్ అనే ఆయన. ఎప్పుడూ నోట్లో పుల్ల పెట్టుకుని నములుతుండేవాడు. ఒకడు పొడుగు, పరుగులో గాలి. రెండోవాడు పొట్టి, పరుగు అంతంతమాత్రం. అందరూ పొడుగువాడి వైపే. రీలు మారుస్తున్న బావ ఎవరూ అడక్కుండానే అన్నాడట. "పొడుగాయన ఎదుటివాడి కళ్లు చూస్తున్నాడండి. పొట్టాయన నడుము చూస్తున్నాడు." అయితే ఏంటని హాలిక్ అడిగాడు. "కళ్లతో మోసం చేయొచ్చు, భుజాలతో మోసం చేయొచ్చు. నడుముతో చేయలేరు. అది ఎటు తిరిగితే మనిషి అటే వెళ్లాలి."

చెడుగుడు ఆడిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. కూతకొచ్చినవాడి మొహం చూసినవాడు మోసపోతాడు, నడుము చూసినవాడు పట్టుకుంటాడు. బావ పదిహేనేళ్లు పిల్లలకి అదే నేర్పాడు. హాలిక్ పొట్టివాణ్ణి తీసుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పొట్టివాడు టీములో అందరికంటే గట్టివాడు అయ్యాడు. అప్పట్నుంచి లైన్‌బ్యాకర్ల రీళ్లన్నీ బావ ముందుకే వచ్చేవి. 1982లో ఆయనకో గది, తలుపు మీద పేరు. అయినా తన లైన్‌బ్యాకర్ల రీళ్లు తనే కత్తిరించుకునేవాడు, ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

తూచడానికి సొంత కాగితం ఒకటి తయారుచేసుకున్నాడు. నడుము చూస్తాడా. పడ్డాక ఎంతసేపట్లో లేస్తాడు. తప్పు చేస్తే తర్వాతి ఎత్తులో భయపడతాడా, మొండికేస్తాడా. ఈ పిచ్చి ముదిరి ఆదివారాలు మమ్మల్నీ తూచేవాడు. పాస్టరుగారి ప్రసంగం మధ్యలో నా చెవిలో, "పక్కకి బాగా కదులుతాడ్రా, ముందుకే రాడు," అన్నాడొకసారి. నవ్వు ఆపుకోలేక నేను బయటికి పరిగెత్తాను. అక్క ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది.

1984 జనవరిలో వెండెల్ టిబ్స్ రీళ్లు వచ్చాయి. జార్జియాలో ఎవరూ పేరు వినని చిన్న కాలేజీ. బావ నన్ను శనివారం పూట ఆఫీసుకి తీసుకెళ్లి మరీ చూపించాడు. "చూడరా ఆమోసూ. పది ఆటలు, ఒక్క ఎత్తులో కూడా చూపు నడుము మీంచి తీయలేదు. ఈడికెవడు నేర్పాడంటావు?" ఆ రీలు మూడుసార్లు వెనక్కి తిప్పి మళ్లీ చూపించాడు.

ఆ నెల్లోనే జార్జియా వెళ్లాడు. వెండెల్‌ని పెంచింది అమ్మమ్మ. ఆవిడ బావకి కోడి వేపుడు పెట్టి, వెళ్లేముందు ఆ బట్టతల మీద రెండు చేతులూ పెట్టి ప్రార్థన చేసిందట. బావ తిరిగొచ్చి వెండెల్ ఫొటో ఫ్రిజ్ మీద అంటించాడు. టీములో ఎవరూ అలా చేయకూడదు, తూచేవాడు తూకంలో ఉన్నవాణ్ణి ఇంటికి తెచ్చుకోకూడదు. అక్క ఆ ఫొటో చూసి మూలలు సరిగ్గా అంటించింది. అప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో నాకే తెలియదు.

ఫిబ్రవరిలో, అక్టోబరు ఆటల రీళ్లు కత్తిరిస్తూ బావ ఒక ముక్క దగ్గర ఆగిపోయాడు. విజిలు తర్వాతి ముక్క. ఇంకెవరూ చూడని, బుట్టలోకి పోయే ముక్క. ఎవణ్ణో పడగొట్టి లేచిన వెండెల్ కుడిచెయ్యి వేలాడుతోంది. వేళ్లు ముడిచి, విప్పి, చెయ్యి విదిలించుకుంటూ నడిచాడు. రెండు వారాల తర్వాతి ఆటలోనూ అంతే. ఆ ముక్కలు జేబులో వేసుకొచ్చి దీపం వెలుగులో అక్కకి చూపించాడు.

అక్క చాలాసేపు చూసింది. "ఇది చెయ్యి కాదండీ. మెడ. నరం నొక్కుకుపోతే చెయ్యి ఇలాగే వేలాడిపోద్ది. ఏవీ కాకపోవచ్చు. ఏదైనా అవ్వచ్చు కూడా. సరైన డాక్టరు చూడకుండా ఆణ్ణి ఆడనివ్వకండి."

ఆ రోజు నుంచి బావకి అన్నం సయించలేదు. అనుమానం ఉందని రిపోర్టులో రాస్తే ఆ మాట ఇక చెరగదు, కుర్రాణ్ణి ఎవరూ పిలవరు. రాయకపోతే, ఏదో ఒక ఆదివారం లక్షమంది చూస్తుండగా ఆ మెడ విరగొచ్చు. వెండెల్‌కి ఫోన్ చేశాడు. "రెండుసార్లే సార్. మళ్లీ రాలేదు. అమ్మమ్మకి చెప్పకండి," అన్నాడు.

"ముందు డాక్టరుకి చూపిద్దాం. ఆయన ఏం చెబితే అది రాస్తాను. మంచైనా చెడైనా నిజమే రాస్తాను," అన్నాడు బావ. వెండెల్ సరేనన్నాడు. మార్చి రెండో వారంలో బస్సెక్కి వచ్చేలా, అక్క ఆస్పత్రిలోని ఎముకల డాక్టరు చూసేలా ఏర్పాటైంది. ఈ సంగతి మా ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మా శుక్రవారం ప్రార్థన కూటం జ్ఞానమ్మగారింట్లో జరిగేది. ఊళ్లో ఉన్న పది తెలుగు క్రైస్తవ కుటుంబాలకీ ఆవిడే పెద్దదిక్కు. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థన మనవి చెప్పాలి. ఎవరికి జబ్బు, ఎవరికి వీసా, ఎవరికి పరీక్ష. వెండెల్ రావడానికి వారం ముందు బావ లేచి నిలబడ్డాడు. "ఒక తమ్ముడి ఆరోగ్యం కోసం ప్రార్థన చేయండి," అన్నాడు.

"ఏ తమ్ముడయ్యా?" అంది జ్ఞానమ్మగారు. "దేవుడికి లక్షమంది తమ్ముళ్లు. పేరు పెట్టి అడగాల. ఏవిటి జబ్బు, ఎక్కడ నెప్పి, అన్నీ చెప్పాల."

బావ నావైపు ఒకసారి చూశాడు. ఆయనకి ప్రార్థన అంటే అంత గురి. దేవుడి ముందు మాట దాచడం ఆయనకి చేతకాలేదు. "వెండెల్ టిబ్స్. మెడ," అన్నాడు. జ్ఞానమ్మగారు ఆ పేరు నోరు తిరక్కపోయినా నాలుగుసార్లు పలికి, మోకాళ్ల మీద పడి ఏడుస్తూ ప్రార్థించింది. వారం రోజులు ఒంటిపూట ఉపవాసం ఉంటామని అందరూ మాటిచ్చారు. ఉన్నారు కూడా. నేను కూడా ఉన్నాను.

ఆ కూటంలో ఒక్కరు కూడా బయట నోరు విప్పలేదు. వాళ్లలో ఎవరికీ ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సోమవారం మధ్యాహ్నం మా కంపెనీ క్యాంటీనులో డ్రాఫ్టు గురించి మాటలు నడుస్తున్నాయి. మూడేళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నా మాట ఎవడూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఒకడు పేపర్లో చదివి, జార్జియా కుర్రాడు టిబ్స్ ఈ ఏడాది లైన్‌బ్యాకర్లలో మేటి అవుతాడన్నాడు. నేను చెంచా కింద పెట్టి, "మా బావకి తెలిసిన సంగతి మీకు తెలిస్తే ఆ మాట అనరు," అన్నాను. ఎనిమిది మంది నావైపు తిరిగారు. ఆ ఎనిమిది మొహాల కోసం, ఆ ఒక్క నిమిషం కోసం, చెప్పేశాను. మెడ, వేలాడిన చెయ్యి, డాక్టరు, అన్నీ. వాళ్లలో ఒకడి బావమరిది ఇంకో టీముకి ఆటగాళ్లని ఎంచే పనిలో ఉన్నాడని నాకు తెలుసు. అప్పుడు గుర్తు రాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. గుర్తుంది.

వెండెల్ వచ్చాడు. గుమ్మంలో తల వంచి లోపలికి రావాల్సినంత మనిషి, అక్కని మిస్ విమలా అని పిలుస్తూ గిన్నెలు కడిగాడు. కోడి పులుసు మూడుసార్లు వడ్డించుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా కారం లేదన్నాడు. డాక్టరు ఎక్స్‌రే ఫొటోలన్నీ తీసి, రెండు రోజులు పరీక్ష చేసి, మెడ నిక్షేపంలా ఉందన్నాడు. నరానికి చిన్న దెబ్బ తగిలింది, మానిపోయింది, ఆడుకోవచ్చు అని ఉత్తరం రాసిచ్చాడు. బావ ఆ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్లి, స్టవ్ పట్టుకుని నిలబడి ఏడ్చాడు. ఆ రాత్రే రిపోర్టు రాశాడు. చెయ్యి వేలాడటం, డాక్టరు, ఉత్తరం, ఏదీ దాచలేదు. కింద తన జీవితంలో ఎవరికీ ఇవ్వనన్ని మార్కులు వేశాడు.

ఏప్రిల్ మధ్యలో హాలిక్ పిలిచాడు. "టిబ్స్ మెడ పోయిందని మూడు టీముల వాళ్లు చెప్పారు. వాణ్ణి నీ ఇంట్లో పెట్టుకుని, నీ భార్య ఆస్పత్రిలో గుట్టుగా చూపించావట. నాకు చెప్పకముందే వాళ్లకి తెలిసింది."

బావ ఉత్తరం బల్ల మీద పెట్టాడు. హాలిక్ దాన్ని పూర్తిగా చదివాడు. "ఇది నిజమే కావచ్చు రాజూ. గదిలో ఇరవైమంది మెడ అన్న మాట విన్నాక ఉత్తరం ఎవరూ చదవరు," అని వెనక్కిచ్చేశాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావ ఇదంతా చెప్పి, "ఎవరు చెప్పుంటారంటావే?" అని అక్కని అడిగాడు. అక్క కూటంలోని పేర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. వీళ్లు కాదు, వాళ్లు కాదు. నేను తలొంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాను, కలిపిందే మళ్లీ కలుపుతున్నాను. తలెత్తేసరికి బావ నన్నే చూస్తున్నాడు. నా మొహం కాదు, నా చేతులు చూస్తున్నాడు. "పోనీలే విమలా," అన్నాడు. "తినండి." మళ్లీ ఆ ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

డ్రాఫ్టు రెండు రోజులు సాగింది. పన్నెండు రౌండ్లు, మూడు వందల పైచిలుకు పేర్లు. నేను సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. మొదటి రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి, నేను ఎప్పుడూ వినని కాలేజీల వాళ్లని, ఎవరూ చూడని ఆటగాళ్లని కూడా పిలిచేశారు. టిబ్స్ అన్న పేరు రాలేదు. జార్జియాలో ఆ కుర్రాడు, అమ్మమ్మ ఫోన్ పక్కన కూర్చుని ఉంటారు. ఆ తర్వాత, మిగిలిపోయినవాళ్లని ఊరికే క్యాంపుకి పిలిచి చూసే టీములు కూడా ఆ పేరు జోలికి పోలేదు.

బావ తన గది ఖాళీ చేసి, కత్తిరింపుల బల్ల దగ్గరికి వెళ్లిపోతానని హాలిక్‌ని అడిగాడు. వెళ్లాడు. మూడేళ్లు మాట్లాడకుండా రీళ్లు కత్తిరించాడు. నాతో మాత్రం జోకులు మానలేదు. నన్ను ఒక్క మాట అని ఉంటే నేను కాళ్ల మీద పడి ఉండేవాణ్ణి. అనలేదు, నేను పడలేదు. రోజూ రేపు చెబుదామనుకునేవాణ్ణి. 1987 ఫిబ్రవరిలో ఆ బల్ల దగ్గరే గుండె ఆగిపోయింది. నలభై తొమ్మిదేళ్లు.

ఏడాది జ్ఞాపకార్థ కూటం అయ్యాక అక్క ఆయన బీరువా సర్దింది. వెండెల్‌కి రాసిన ఉత్తరాలు ఏడు, విప్పకుండా తిరిగొచ్చినవి, రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. "ఈయన ఆ పిల్లాడికి ఏం ద్రోహం చేశారని ఆమోసూ?" అని అడిగింది. నేను అక్కకి కూడా నిజం చెప్పకుండా, మర్నాడు ఆ కవర్ల మీది చిరునామా చూసుకుని కారులో జార్జియా బయల్దేరాను.

ఇప్పుడు మన తెలుగువాళ్లతో కిటకిటలాడే అల్ఫారెట్టా అప్పట్లో గుర్రాల కొట్టాలు, రెండు పెట్రోలు బంకులు ఉన్న ఊరు. ఊరి చివర టైర్ల షాపులో వెండెల్ పని చేస్తున్నాడు. నేను వెళ్లేసరికి లారీ టైరు ఒకటి ఎత్తి మెడ మీద పెట్టుకుని లోపలికి మోసుకెళ్తున్నాడు. అది దించి ఇంకోటి ఎత్తాడు. నేను కారు దిగకుండా అలా చూస్తూ ఉండిపోయాను. ఆ మెడకి ఏమీ కాలేదు.

నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పాను. అతని మొహం బిగుసుకుంది. "ఆయన పంపించారా? డ్రాఫ్టు అయిన మర్నాడే ఫోన్ చేసి చెప్పారు. నోరు జారింది నేనే, నా వల్లే అంతా బయటికి పొక్కింది, క్షమించమని అడగను, నిజం నీకు తెలియాలి అన్నారు. అమ్మమ్మ ఆయన్ని కన్నకొడుకులా అనుకుంది. మళ్లీ ఈ ఇంటికి ఫోన్ చేయొద్దన్నాను."

పక్కనున్న టైర్ల దొంతర మీద కూర్చుండిపోయాను. "ఆయన కాదు. నేను," అన్నాను. క్యాంటీను సంగతి, ఎనిమిది మొహాల సంగతి, అన్నం కలపడం సంగతి, అన్నీ చెప్పాను. ఒక్కటి తప్ప.

వెండెల్ నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను గోడవైపు తిరిగాడు. "మరి తనేనని ఎందుకు చెప్పారు?" అన్నాడు.

"నేను ఆయన భార్య తమ్ముణ్ణి," అన్నాను. నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

"ఉత్తరాలు రాశారు. ఒక్కటి కూడా విప్పలేదు నేను." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకున్నవే మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత, ఎన్నేళ్లుగానో మొయ్యలేక మోస్తున్నది దించుకున్నవాడిలా, నవ్వబోయాడు. ఆ నవ్వు చూసి నేను తల దించుకున్నాను.

"షాపు ఐదింటికి మూసేస్తాను," అన్నాడు. "ఇంటికెళ్లి అమ్మమ్మకి చెప్పి, ఇద్దరం కలిసి ఆయనకి ఫోన్ చేస్తాం. ఆ టైముకి ఇంట్లోనే ఉంటారుగా?"